ఫెయిల్ చెయ్యమని వచ్చిన సిఫార్సు

మా గోదావరి జిల్లాల్లో మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరుని బ్రేక్ ఇన్‌స్పెక్టరు అంటారు. బళ్ళ బ్రేకులు పరీక్షిస్తాడు కాబట్టి ఆ పేరు వచ్చిందని మా డిపార్టుమెంటువాళ్ళం అనుకుంటాం. ఎవరి పనికైనా బ్రేకు వెయ్యగలడు కాబట్టి వచ్చిందని జనం అనుకుంటారు. ముప్పై మూడేళ్ళు ఆ ఉద్యోగం చేసి దిగిపోయాక, జనం మాటే సరైనదని ఒప్పుకోవడానికి నాకేమీ అభ్యంతరం లేదు.

కొత్తగా ఈ ఉద్యోగంలో చేరిన మీకు సిఫార్సుల సంగతి ఈపాటికి తెలిసే ఉంటుంది. క్లచ్చుకీ బ్రేకుకీ తేడా తెలియని కుర్రాణ్ణి పాస్ చెయ్యమని సర్పంచి గారు ఫోన్ చేస్తారు. రివర్సు గేరు పడితే కళ్ళు మూసుకునే డాక్టరు గారిని పాస్ చెయ్యమని మన పై ఆఫీసరే చెబుతారు. నా సర్వీసంతా ఇలాంటివే విన్నాను. ఒక్కసారి మాత్రం ఫెయిల్ చెయ్యమని సిఫార్సు వచ్చింది. దాన్ని నేను లెక్కచెయ్యలేదు. నీతిమంతుణ్ణని నిరూపించుకోవడానికి నాకు దొరికిన ఒకే ఒక్క అవకాశాన్ని అలా తప్పుచోట వాడుకున్నాను.

అప్పటికి నాకు రిటైర్మెంటు ఏడాదిన్నర ఉంది. కోనసీమలో కాలువ పక్కన ఒక చిన్న ఆఫీసులో ఉండేవాణ్ణి. ఊరి పేరు చెప్పను. చెబితే అక్కడ నాతో పనిచేసినవాళ్ళు ఫోన్ చేసి ఇదంతా ఇలా జరగలేదంటారు. ఆఫీసు వెనక సిమెంటు చప్టా మీద ఎనిమిది అంకె గీసి ఉండేది. అదే మా టెస్టు ట్రాకు. మాసూళ్ళ రోజుల్లో పక్క రైతులు దాని మీద ధాన్యం ఆరబోసేవారు. ధాన్యం ఎండేదాకా లైసెన్సు టెస్టులు వాయిదా పడేవి. ఈ ఏర్పాటు మీద ఎవరూ ఎప్పుడూ ఫిర్యాదు చెయ్యలేదు.

ఒక సోమవారం పొద్దున్నే రాజమండ్రిలో లెక్చరరుగా పనిచేసే ఒకావిడ నా గదిలోకి వచ్చింది. యాభై దగ్గర పడిన మనిషి. వాళ్ళ నాన్నగారు ఇరిగేషన్‌లో లస్కరుగా చేరి, లాకుల దగ్గర తలుపులెత్తుతూ దించుతూ రిటైరయ్యారట. డెబ్భై ఆరేళ్ళు. లైసెన్సు గడువు దాటి ఏడాది పైన అయింది కాబట్టి మళ్ళీ టెస్టు ఇవ్వాలి. గురువారం స్లాటు బుక్ చేసుకున్నారు.

"ఆయన్ని ఫెయిల్ చెయ్యండి సార్. నేను చెప్పానని తెలియకూడదు" అంది.

ఎందుకని అడిగాను. ఇంటి గేటు స్తంభాలకి రెండు పక్కలా స్కూటరు రంగు అంటుకుని ఉంటోందనీ, అడిగితే గేటే ఇరుకైందని నాన్నగారు చెబుతున్నారనీ అంది. తను ఆదివారం ఆదివారం వచ్చి వెళ్తున్నా, తక్కిన ఆరు రోజులూ ఫోను మోగితే గుండె జారిపోతోందట.

నేను కుర్చీలో వెనక్కి వాలాను. ఈ వాలడం గురించి మీకు ప్రత్యేకంగా చెప్పాలి. మన ఉద్యోగంలో జరిగే తప్పులు చాలా వరకు అలా వెనక్కి వాలినప్పుడే మొదలవుతాయి. పెద్దవాళ్ళ స్వేచ్ఛ గురించి ఆవిడకి ఒక ఉపన్యాసం ఇచ్చాను. వయసు అయిందని మనిషిని మూల కూర్చోబెట్టడం ఎంత అన్యాయమో చెప్పాను. పక్క గదిలో మా హెడ్ క్లర్కు వింటున్నాడని తెలిసి రెండు మాటలు గట్టిగానే చెప్పాను. ఆవిడ తలవంచుకుని విని, నమస్కారం పెట్టి వెళ్ళిపోయింది. నాకు చాలా తృప్తిగా అనిపించింది.

గురువారం ఆయన వచ్చారు. పాత స్కూటరు మీద, వెనక భార్యని కూర్చోబెట్టుకుని. లైసెన్సు లేని మనిషి లైసెన్సు టెస్టుకి బండి తోలుకుంటూ రావడం మా ఆఫీసులో మామూలే కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు. ఆవిడ మాత్రం గేటు దగ్గర్నుంచి ఒకటే మాట్లాడుతోంది. ఎడమపక్క సైకిలతను ఉన్నాడు, కుడిపక్క నుంచి ట్రాక్టరు వస్తోంది, నెమ్మది, గుమ్మం దగ్గర కుక్క పడుకుంది, ఇంక ఆపండి. అంతా ఒక్క గుక్కలో. తన ఇంట్లోనూ ఇదే పరిస్థితి అని హెడ్ క్లర్కు అంటే అందరం నవ్వాం.

ఆవిడకి డెబ్భై ఒకటి. నలభై ఏళ్ళు కుట్టుమిషను తొక్కితొక్కి మోకాళ్ళు అరిగిపోయాయి. ఇప్పటికీ ఊళ్ళో వాళ్ళకి జాకెట్లు కుడతారు. వాళ్ళ ఇల్లు కాలువ గట్టు మీద, మెయిన్ రోడ్డుకి రెండు కిలోమీటర్లు లోపలికి. గట్టు మీది గోతులు చూసి ఆటోవాళ్ళు రామంటారు. దారాలకైనా, మందులకైనా, ఆయనకి ఇష్టమైన హోటల్లో పెసరట్టుకైనా ఆ స్కూటరే దిక్కు. ఆవిడ అరుగు మీద కూర్చుని ఇదంతా మా వాళ్ళకి చెబుతూండగా ఆయన ఎనిమిది వేశారు.

ఎలా వేశారనుకున్నారు. కాలు కింద పెట్టలేదు. గీత దాటలేదు. ముందు వేసిన కాలేజీ కుర్రాళ్ళు నలుగురు గీతని ఎక్కడెక్కడ తొక్కారో అక్కడక్కడ ఈయన పువ్వులా తిప్పారు. తరవాత నిలబెట్టి దూరంగా ఉన్న జీపు నంబరు చదవమంటే, నంబరుతోపాటు ప్లేటు మీది మేకు ఊడిందని కూడా చెప్పారు.

మా జూనియర్ ఇన్‌స్పెక్టరు అప్పుడు నా పక్కకి వచ్చింది. మూడేళ్ళ సర్వీసున్న పిల్ల. ప్రతి దానికీ రూలు పుస్తకం తీస్తుందని ఆఫీసులో ఎవరికీ ఆవిడంటే గిట్టేది కాదు. ఆయన లోపలికి వస్తూ తలుపుకి భుజం కొట్టుకున్నారనీ, పక్కనున్న బెంచీని చూసుకోకుండా తన్నుకున్నారనీ చెప్పింది. ఆయన్ని తన మొహంలోకి చూడమని చెప్పి, పక్కనుంచి చెయ్యి ఊపి ఒకసారి పరీక్షిస్తానంది. వయసు మీద పడ్డవాళ్ళకి అలా తగులుతూనే ఉంటుందని నేను తీసిపారేశాను. పైగా డాక్టరు సర్టిఫికెట్ జతచేసి ఉంది.

ఆ సర్టిఫికెట్ సంగతి. ఆఫీసు ఎదురుగా ఉన్న జెరాక్స్ షాపులో డాక్టరు గారి సంతకం ముందే చేసి ఉన్న ఫారాలు దొరికేవి. పేరూ వయసూ మనం నింపుకోవాలి, ఆరోగ్యం అందులో ముందే నింపి ఉంటుంది. బ్రేక్ ఇన్‌స్పెక్టరు బండి నడిపించి చూస్తాడు కదా అని డాక్టరు గారి ధైర్యం. డాక్టరు గారు చూశారు కదా అని నా ధైర్యం. కంప్యూటరు మా ఇద్దర్నీ నమ్మింది. ఆయన పాసయ్యారు.

మూడు వారాల తరవాత ఒకరోజు పొద్దున తొమ్మిదింటికి కాలువ వంతెన దగ్గర వాహనాల తనిఖీ పెట్టాం. నేను జీపులో కూర్చుని ఉన్నాను. మా హోంగార్డు రోడ్డు ఎడమపక్క నిలబడి, వచ్చే బళ్ళని చెయ్యెత్తి ఆపుతున్నాడు. నలభై ఏళ్ళవాడు, నెమ్మదస్తుడు. ఒక స్కూటరు వస్తూంటే పక్కనుంచి రెండడుగులు రోడ్డు మీదకి వేసి చెయ్యెత్తాడు. స్కూటరు వేగం తగ్గలేదు, పెరగలేదు, పక్కకి తిరగలేదు. అక్కడ మనిషే లేనట్టు వచ్చి గుద్దింది.

పరిగెత్తాం. హోంగార్డు కాలు మోకాలి కింద విరిగింది. స్కూటరాయనకి భుజం దగ్గర ఎముక విరిగింది. రోడ్డు మీద టిఫిన్ క్యారియరు మూతలూడి, చారన్నం ఒలికిపోయింది. ఆయన్ని లేవదీస్తూ మొహం చూసి గుర్తుపట్టాను. ఆ రోజు వెనక సీటు ఖాళీ. భార్యకి జ్వరమొచ్చి నర్సింగ్ హోములో చేర్చారట, ఆవిడకి భోజనం పట్టుకెళ్తున్నారు. రూలు ప్రకారం జేబులోంచి లైసెన్సు తీశాం. కొత్తది, ఇంకా ప్లాస్టిక్ కవరులోనే ఉంది. మంజూరు చేసింది నేనే.

ఆ సాయంత్రం మా పై ఆఫీసరు పిలిచి, పొరపాటు ఎవరిదని అడిగారు. అంటే ఎవరిదని రాద్దామని. నా సంతకం ఉన్న లైసెన్సు జోలికి వెళ్తే డాక్టరూ, ట్రాకూ, జెరాక్స్ షాపూ అన్నీ బయటికొస్తాయి. హోంగార్డు రేడియం జాకెట్ వేసుకోలేదు కాబట్టి అతని నిర్లక్ష్యమే కారణమని రాయడం అందరికీ సుఖమన్నారు. జాకెట్లు మా స్టోరులో సీలు విప్పని అట్టపెట్టెలో ఉన్నాయి. పెట్టె విప్పడానికి కమిటీ వెయ్యాలి, కమిటీ ఇంకా వెయ్యలేదు.

నేను ఆ రిపోర్టు రాశాను. మీ దగ్గర దాచడమెందుకు, చాలా బాగా రాశాను. విధి నిర్వహణలో తగు జాగ్రత్త వహించనందున, అని మొదలుపెట్టి, కాలు విరిగిన మనిషి మీద ఒకటిన్నర పేజీ నడిపించాను. సాక్షిగా సంతకం పెట్టమని జూనియర్ ఇన్‌స్పెక్టరు ముందు పెడితే ఆవిడ చదివి, మడిచి, నా చేతికే ఇచ్చేసింది.

"ఇది నేను చూడలేదు సార్. నేను చూసింది వేరే" అంది. ఆ రోజు తలుపు దగ్గర చూసిందేమిటో నాకు మళ్ళీ చెప్పక్కర్లేకుండా గుర్తుంది.

సంతకం లేని రిపోర్టు జేబులో పెట్టుకుని మర్నాడు పొద్దున గవర్నమెంటు ఆసుపత్రికి వెళ్ళాను. పెద్దాయన వాంగ్మూలం దొరికితే సాక్షి అక్కర్లేదని నా ఆలోచన. గుద్దినాయన, గుద్దించుకున్నతను పక్కపక్క మంచాల మీద ఉన్నారు. హోంగార్డు భార్య ఫ్లాస్కులోంచి కాఫీ ఇద్దరికీ పోసి ఇస్తోంది. అది చూసేసరికి జేబులో కాగితం కాస్త బరువెక్కింది. కానీ బయటికి తియ్యలేదు, లోపలే ఉంచాను.

పెద్దాయన నన్ను చూసి లేవబోయారు. నేను అడక్కముందే గొంతు తగ్గించి చెప్పారు.

"ఎండ కళ్ళల్లో పడిందని రాసుకోండి బాబూ. అప్పుడీ అబ్బాయిదీ తప్పులేదు, మీకూ మాట రాదు."

ఆయనకి నా ఇబ్బంది తెలుసు. కాలువ లాకుల దగ్గర ముప్పై అయిదేళ్ళు ఆఫీసర్లని చూసిన మనిషి. ఎముక విరిగి పడుకుని, నన్ను ఎలా గట్టెక్కించాలా అని రాత్రంతా ఆలోచించినట్టున్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. పెన్ను తీశాను. రెండు ముక్కలు రాశాక ఆగిపోయాను. తొమ్మిదింటప్పుడు ఆయన వెళ్తున్నది పడమరకి. ఎండ ఆయన వీపు మీద ఉంది.

ఆ మాటే ఆయనతో అన్నాను. అయితే మీరే ఏదైనా చూసి రాయండన్నారు.

పెన్ను పక్కన పెట్టాను. జూనియర్ పిల్ల ఆ రోజు చేస్తానన్న పరీక్ష అప్పుడు చేశాను. "బాబాయి గారూ, నా మొహంలోకే చూడండి. తల తిప్పకండి" అని, నా కుడిచెయ్యి చాచి, వేళ్ళు ఆడించాను.

"నా చెయ్యి కనబడుతోందా?"

"ఏ చెయ్యండీ?" అన్నారు.

పక్క మంచం మీద హోంగార్డు కాఫీ తాగడం ఆపి నా వేళ్ళ వైపు చూశాడు. అతని భార్యా చూసింది. ఆ వార్డులో నా చెయ్యి కనబడనిది ఆయనొక్కరికే.

తరవాత ఆయనే చెప్పారు. నాలుగేళ్ళ క్రితం ఊళ్ళో కంటి శిబిరం పెట్టినప్పుడు డాక్టరు నీటికాసులని చెప్పారట. గ్లకోమా. ఎదురుగా ఉన్నది సూదిలో దారమంత బాగా కనబడుతుంది. పక్కలు మెల్లగా మూసుకుపోతాయి. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నది పోకుండా చుక్కలు వేసుకోవాలి. అందుకే గీసిన ఎనిమిది అంత బాగా వేశారు, మేకు ఊడిన నంబరు ప్లేటు చదివారు. పక్కల సంగతి వెనక కూర్చున్న భార్య చూసుకునేది. మేం నవ్విన ఆ మాటలన్నీ ఆవిడ ఆయనకి చూపు అందించడం. నడవలేని ఆవిడా, పక్కలు చూడలేని ఆయనా కలిసి నాలుగేళ్ళు ఒక బండి నడిపారు. ఒక్కరికీ దెబ్బ తగల్లేదు, గేటు స్తంభాలకి తప్ప.

కూతురికి ఎందుకు చెప్పలేదని అడిగాను.

"చెబితే మమ్మల్ని రాజమండ్రి తీసుకుపోతుందండి. మంచిపిల్ల. అందుకే చెప్పలేదు."

నా ఉపన్యాసం గుర్తొచ్చింది. స్వేచ్ఛ గురించి నేను అంత గొప్పగా చెప్పినదంతా ఒక మనిషి కళ్ళు చూడ్డానికి రెండు నిమిషాలు కేటాయించలేక చెప్పిందే. ఆ కూతురు భయపడిందన్న మాటేగానీ నిజమే చెప్పింది. ఈ తండ్రి ధైర్యంగా ఉన్నాడన్న మాటేగానీ అబద్ధం మీద ఉన్నాడు. మధ్యలో చూడాల్సినవాణ్ణి నేను. వెనక్కి వాలి కూర్చున్నాను.

కొత్త రిపోర్టు నాలుగు వాక్యాల్లో అయిపోయింది. హోంగార్డు తప్పులేదు. కంటి పరీక్ష సరిగా చెయ్యలేదు. చెయ్యాలని సహోద్యోగి చెప్పినా వినలేదు. బాధ్యత నాది. దాంతో మా ఆఫీసులో నాకేదో అంటురోగం వచ్చినట్టయింది. హెడ్ క్లర్కు నాతో టీ తాగడం మానేశాడు. ఎంక్వయిరీకి వచ్చిన ఆఫీసరు, ఇది ఎవర్ని ఇరికించడానికి రాశారని మూడుసార్లు అడిగాడు. తనని తాను ఇరికించుకోవడానికి ఎవరైనా రాస్తారన్నది ఆయన ఫారంలో లేదు. చివరికి నా సర్వీసు పుస్తకంలో మందలింపు ఒకటి ఎక్కింది. హోంగార్డు వైద్యం డిపార్టుమెంటు చూసుకుంది, నాలుగు నెలల తరవాత కొంచెం కుంటుతూ డ్యూటీకి వచ్చాడు. జాకెట్ల పెట్టె విప్పారు. అన్నీ ఒకే సైజు, పిల్లలవి.

పెద్దాయన లైసెన్సు తనే తెచ్చి నా టేబుల్ మీద పెట్టారు. బండి ఇంట్లో ఉంచుకోవచ్చా అని అడిగారు. ఉంచుకోవచ్చు, నడపకూడదన్నాను. "ఆయ్, తుడుచుకుంటూ ఉంటాలెండి" అన్నారు.

కూతురు ఇద్దర్నీ రాజమండ్రి తీసుకెళ్ళింది. ఎంక్వయిరీ పని మీద ఆ ఊరు వెళ్ళినప్పుడు, క్షమాపణ చెప్పుకుందామని వాళ్ళింటికి వెళ్ళాను. మూడో అంతస్తు ఫ్లాటు. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. తల్లిదండ్రుల్ని కళ్ళలో పెట్టుకుని చూస్తోంది. మాత్రలు వేళకి చేతికిస్తోంది, కళ్ళలో చుక్కలు తనే వేస్తోంది, కాఫీ గ్లాసు కూడా వాళ్ళని కడగనివ్వదు. పెద్దాయన సోఫాలో టీవీకి ఎదురుగా కూర్చుని ఉన్నారు. అది ఆపేసి ఉందన్న సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

కూతురు వంటింట్లోకి వెళ్ళాక ఆ పెద్దావిడ నాతో మెల్లగా అంది. ఇక్కడ అన్నీ బాగున్నాయట. నిన్న కిందకి దిగి కొత్తిమీర కొనుక్కొస్తానంటే, ఎందుకమ్మా అని ఫోన్‌లో నొక్కి పైకే తెప్పించిందట. కొత్తిమీర బాగానే ఉందిట.

మోకాళ్ళు రాసుకుంటూ అడిగింది. "ఇన్‌స్పెక్టరు గారూ, లైసెన్సు తీసుకోడానికి ఇన్నేళ్ళలోపే ఉండాలని ఏమైనా ఉందాండీ?"

పైహద్దు లేదన్నాను. ఎవరికని అడిగాను.

"నా కళ్ళు బాగానే ఉన్నాయి కదండీ. పోయినవి మోకాళ్ళే."

నాకు నవ్వొచ్చింది. ఆవిడకి రాలేదు. వెనక రెండు పక్క చక్రాలు బిగించిన స్కూటర్లు ఉంటాయి, కాళ్ళు సరిగా లేనివాళ్ళు నడిపేవి. కాలు కింద పెట్టక్కర్లేదు, బ్రేకులు రెండూ చేతికే. రూలు ఒప్పుకుంటుంది. ఆ సంగతి చెప్పి ఇంటికొచ్చాను, మర్చిపోతుందనుకున్నాను. రెండు నెలల్లో ఆవిడ కాలువ గట్టు ఇంటికి తిరిగొచ్చి, అదే పాత స్కూటరుకి పక్క చక్రాలు బిగించి, కొత్త కాగితాలు చేయించి, లెర్నింగ్ లైసెన్సు కంప్యూటరు పరీక్షకి వచ్చింది. బోర్డు గుర్తులన్నీ కరెక్టుగా పెట్టింది. నాలుగేళ్ళు వాటిని ఇంకొకరి కోసం చదివిన మనిషి మరి. గట్టు మీద నేర్పింది పెద్దాయనే. ఇంట్లో గొడవ చాలా జరిగిందని విన్నాను, ఎవరెవరు ఏమన్నారో నేను అడగలేదు.

అసలు టెస్టు నా సర్వీసు ఆఖరి నెలలో పడింది. ఈసారి డాక్టరు సర్టిఫికెట్ రాజమండ్రి కంటి ఆసుపత్రి నుంచి తెప్పించాం. మా జూనియర్ ఇన్‌స్పెక్టరు ఎదురుగా నిలబడి, రెండు పక్కలా చేతులు చాచి వేళ్ళు లెక్కపెట్టించింది. తరవాత ట్రాకు. ఆవిడ మొదటి మలుపు బాగానే తిప్పి, రెండో మలుపులో భయపడి గీత అవతలికి పోయింది.

ఆఫీసంతా నా చుట్టూ చేరింది. పాస్ చేసెయ్యమని హెడ్ క్లర్కు అన్నాడు. కాలు విరగ్గొట్టించుకున్న హోంగార్డూ అదే అన్నాడు. పై ఆఫీసరు కూడా ఫోన్ చేశారు, ఇలాంటి పెద్దావిడ లైసెన్సు తీసుకుంటున్న ఫొటో పేపర్లో పడితే డిపార్టుమెంటుకి మంచిదట. నేను ఫెయిల్ చేశాను. ఆవిడ చెమట తుడుచుకుని, మళ్ళీ ఎప్పుడు రమ్మంటారో ఆ తారీకు రాసివ్వమంది. రెండోసారీ ఫెయిలైంది. అప్పుడూ తారీకే అడిగింది.

మూడోసారి వచ్చేటప్పటికి నేను ఉద్యోగంలో లేను. రిటైరై పది రోజులైంది. అయినా ఉండబట్టలేక వెళ్ళి, చప్టా పక్కన జనంలో నిలబడ్డాను. టెస్టు పెట్టింది జూనియర్ ఇన్‌స్పెక్టరు. నాకంటే గట్టి మనిషి, సగం అంగుళం కూడా వదలదు. కూతురు కాలేజీకి సెలవు పెట్టి వచ్చింది. ఈసారి పాసనీ అనలేదు, ఫెయిలనీ అనలేదు. కొంగు నోటికడ్డం పెట్టుకుని నిలబడింది. పెద్దావిడ ఎనిమిది మొత్తం తిప్పి, ఎక్కడ ఆపమన్నారో అక్కడ ఆపింది.

పాసైందని చెప్పగానే కూతురు దగ్గరికి వెళ్ళి, తల్లి చెయ్యి పట్టుకుంది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. భయమో సంతోషమో నేను చెప్పలేను, రెండూ అయ్యుండొచ్చు. "ఇంతకీ మొట్టమొదట ఎక్కడికెళ్తావమ్మా?" అని అడిగింది.

పెద్దావిడ హ్యాండిల్ వదలకుండానే కూతురి వైపు చూసింది.

"నీకు చెప్పి వెళ్ళేటట్టయితే ఇదంతా ఎందుకే?"